పన్నెండు గూళ్లు, ఒక వంకర గూడు

పెద్ద అడవే. ఎంత పెద్దదంటే, అందులో పిల్లలకి ఒక బడి, ఆ బడికి ఒక నోటీసు బోర్డు కూడా ఉండేవి. ఆ బోర్డు మీద ఏడాది పొడుగునా ఏదో ఒక పోటీ కాగితం వేలాడుతూనే ఉండేది. ఈతలో పోటీ, కూతలో పోటీ, కదలకుండా నించోవడంలో పోటీ. కదలకుండా నించోవడంలో ఏటా హెడ్మాస్టరు కొంగగారి అబ్బాయికే మొదటి బహుమతి.

ఆ ఏడు కొత్త కాగితం పడింది. ఏటిగట్టున నెల రోజుల శిబిరం. ముసలి గిజిగాడు మాస్టారొకాయన పొడుగు రెల్లుతో గూడు అల్లడం నేర్పుతాడట. ఒక్కో బడి నుంచి ఒక్కరినే పంపాలి. గూళ్ల పోటీలో గెలిచినవాళ్లకే ఆ చోటు. కాగితం అడుగున సన్నగా ఇంకో ముక్క: "గూడు పిల్లలే అల్లాలి. పెద్దలు ముక్కు గానీ పంజా గానీ పెట్టరాదు."

గిజిగాడు గరికయ్య కూతురు పరక ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకుని, ఎగురుకుంటూ ఇంటికెళ్లింది.

"నాన్నా, ముడి వెయ్యడం నాకు చూపించవా?"

గరికయ్య నవ్వాడు. "మన ఇళ్లలో ఆడపిల్లలు అల్లరు తల్లీ. మగవాడు అల్లితే వచ్చి, అటూ ఇటూ లాగి చూసి, వంక పెడతారు. అది కదా పెద్ద పని!"

ఆ శిబిరానికి వెళ్తే తప్ప తనకి అల్లిక నేర్పేవాళ్లు ఈ అడవిలో లేరని పరకకి ఆ పూట అర్థమైంది.

అవతల ఎలుగమ్మ కూడా ఆ కాగితం చూసింది. ఆవిడ కొడుకు బొద్దు. వాడికి పుట్ట తవ్వడమంటే ప్రాణం.

"పుట్ట తవ్వే పోటీ పెట్టరా మాస్టారూ?" అని వాడు పాపం హెడ్మాస్టరుని అడిగాడు.

"తవ్వడం చదువెలా అవుతుందిరా?" అన్నాడు కొంగ, ఒంటికాలి మీద నించుని.

ఎలుగమ్మ తిన్నగా బడి కార్యదర్శి నక్క దగ్గరికి వెళ్లింది. "ఏం నక్కగారూ, పెద్దలు చెయ్యి పెట్టకూడదని రాశారు?"

"అమ్మా, అది రాయడానికి రాసింది. చెయ్యడానికి చేసేది వేరే ఉంటుంది," అన్నాడు నక్క.

సాయంత్రానికి ఎలుగమ్మ జొన్నకంకులు పట్టుకుని గరికయ్య కొమ్మ కింద నించుంది. "అన్నయ్యా, మావాడికి కాస్త మొదలుపెట్టి ఇవ్వు. మిగతాది వాడే చేసుకుంటాడు."

గరికయ్య మొదలుపెట్టి ఇచ్చాడు. మర్నాడు, "అన్నయ్యా, నడుం భాగం వాడి వేళ్లకి లొంగటం లేదు." నడుం భాగం అల్లాడు. మూడోనాడు, "ఇంతా చేసి కొస వదిలేస్తావా అన్నయ్యా?" కొసా అల్లాడు.

ఈ సంగతి కుందేలింట్లో తెలిసింది. కోతింట్లో తెలిసింది. నెమలివాళ్లయితే రంగు కూడా వేసి ఇమ్మన్నారు. వారం తిరిగేసరికి గరికయ్య పన్నెండు గూళ్లు అల్లుతున్నాడు. తన సొంత గూడు సగంలోనే ఉండిపోయింది.

"నాన్నా, ఎలుగువాళ్ల అబ్బాయి అల్లొచ్చు, నేను అల్లకూడదా?"

"వాడెక్కడ అల్లుతున్నాడే? నేను కదా అల్లుతున్నది!"

పరక కొమ్మ కింద కూర్చుని, తండ్రి ముక్కు నుంచి జారిపడిన పోచలన్నీ ఏరుకుంది. పైకి చూస్తూ, తప్పు ముడులు వేస్తూ, విప్పుతూ తనూ ఒకటి అల్లింది. అది ఒక పక్కకి ఒరిగింది. గుమ్మం అడుగున ఉండాల్సింది పక్కకి వచ్చింది.

పోటీ రోజున మార్కులు వెయ్యడానికి ఏనుగుగారిని దండేసి తీసుకొచ్చారు. పన్నెండు గూళ్లూ వరసగా వేలాడదీశారు. అన్నీ ఒకే కొలత. అన్నిటికీ ఎడం గోడ మీద ఒకే చోట ఒకే మట్టిముద్ద. నాకైతే ఆ ఏనుగుకి అనుమానం రావాలనిపిస్తుంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం క్రమశిక్షణ! పన్నెండుమందీ ఒక్క తీరుగా ఆలోచించారు!"

పదమూడో గూడు దగ్గర ఆగాడు. "ఇదేమిటి?"

"నేనే అల్లానండీ," అంది పరక.

"అది తెలుస్తూనే ఉంది," అన్నాడు కొంగ.

"ఎవరూ సాయం చెయ్యలేదా?" అని అడిగాడు ఏనుగు.

"లేదండీ."

ఏనుగు జాలిపడ్డాడు. "పాపం, ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరన్నమాట," అని సున్నా వేశాడు.

పన్నెండూ సమానమైతే ఎవరికివ్వాలి? ఆ రోజు భోజనాల్లోకి తేనె ఎలుగమ్మ తెచ్చిందని నక్క గుర్తుచేశాడు. బొద్దు గెలిచాడు.

బొద్దుని, గూడుని ఏటిగట్టుకి పంపారు. మాస్టారు వాడి ముందు ఒక రెల్లుపోచ పెట్టి, "ముడి వెయ్యి నాయనా," అన్నాడు. బొద్దు దాంతో పళ్లు కుట్టుకున్నాడు.

నాలుగోనాడు వాడు తిరిగొచ్చాడు, మెడలో చీటీతో. "ఈ గూడు అల్లినవారినే పంపండి. లేదంటే మీ బడికి ఇక పిలుపు ఉండదు."

కొంగకి రెండో కాలు కూడా కిందికి దిగింది. "ఇప్పుడెలాగయ్యా?"

"ఎలాగేముంది? అల్లినవాణ్ణి పంపమన్నారు. పంపుదాం," అన్నాడు నక్క.

గరికయ్య గోలపెట్టాడు. "నేను ముగ్గురు పిల్లల తండ్రినండీ! తొలకరి వచ్చేస్తోంది, నా గూడు సగంలో ఉంది!"

"అడవి పరువు పెద్దదా, నీ గూడు పెద్దదా?" అన్నారు. పెద్దవాడని తెలియకుండా పసుపుపచ్చటి తలకి బూడిద పూసి, పలక ఇచ్చి, బలవంతాన సాగనంపారు.

ఏటిగట్టున మాస్టారు గరికయ్య అల్లిక చూసి, "ఈ వయసుకే ఎంత పనితనం!" అని వెన్ను తట్టాడట.

పదో రోజున వాన పడింది. ఇలాంటి అలాంటి వాన కాదు. పైకప్పు లేని సగం గూట్లో పరక తల్లి, ఇద్దరు తమ్ముళ్లు తడిసి ముద్దయ్యారు. పోటీ అయ్యాక పరక తెచ్చి పక్క తుమ్మకొమ్మకి కట్టుకున్న సున్నా మార్కుల గూడు ఇంకా వేలాడుతోంది. అందరూ అందులోకి దూరారు.

తల్లి అలవాటు ప్రకారం గోడలు లాగి చూసింది. "వంకరగా ఉంది," అంది. గోడ లోపలివైపు తడిమి చూసి, "తడవలేదు," అంది. ఈదురుగాలి అటునుంచి కొడుతుంటే, గుమ్మం ఇటు పక్కన ఉంది మరి.

నెల తిరిగాక గరికయ్య ఉత్తమ విద్యార్థి సర్టిఫికెట్టుతో వచ్చాడు. ఇంట్లోవాళ్లు వంకర గూట్లోంచి తలలు బయటపెట్టారు.

"అక్కడేం నేర్పారు నాన్నా?"

"నాకు తెలిసిందేనే." ఆయన గూడు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "ఈ ముడి నేను వెయ్యనే. ఎక్కడ నేర్చావు?"

"నీ పోచలు పొట్టివి పడేవి. రెండు కలిపితే గానీ అందేవి కావు."

గరికయ్య సర్టిఫికెట్టు పక్కన పెట్టి, కూతురి పక్కన కూర్చున్నాడు. "మళ్లీ వెయ్యి. చూస్తాను."

మరుసటేడు బడి గోడ మీద గరికయ్య పేరు చెక్కారు, మన పూర్వ విద్యార్థి అని. కింద కొత్త పోటీ కాగితం. ఎలుగమ్మ ఈసారి బొద్దుని వెంటబెట్టుకుని పరకని వెతుక్కుంటూ వచ్చింది.

"అమ్మా పరకా, మావాడికి కాస్త మొదలుపెట్టి ఇవ్వమ్మా."

పరక ఒక పోచ తీసి బొద్దు చేతిలో పెట్టింది. "మొదలు ఇదే అత్తా."

నీతి: పిల్లల పని ఎప్పుడూ పిల్లలకి వదిలెయ్యకండి, నేర్చేసుకుంటారు.