శిక్షణాధికారి గారి తొమ్మిదో చుట్టు

సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ లోకంలో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ట్రాక్టరు పరీక్ష తప్పడానికి! తప్పితే రైతుల సంఘం ట్రాక్టరు నడిపే పని ఇంకొకరికి పోతుంది. నేనేమో ఏడాదిన్నర పాపను అత్తయ్యకు వదిలేసి, మిల్లులో పన్నెండు గంటల డ్యూటీకి పోవాలి. ఎనిమిదితో చదువాగినదాన్ని, నాకింకే దారుంది?

మాకు నేర్పేది శిక్షణాధికారి గారు. ఇస్త్రీ నలగని మనిషి. నెలరోజులూ నల్లబల్ల మీదే నేర్పారు. బల్ల మీది ట్రాక్టరుకు రెండే చక్రాలు. మిగతా రెండూ అవతలివైపు ఉన్నాయని నమ్మాలి. నమ్మాం!

"సార్, ఒక్కసారి మీరు నడిపి చూపించండి," అన్నాను.

"డాక్టరు మందు రాస్తాడమ్మా, తాగి చూపిస్తాడా? నాది రాసే హోదా!"

చివరికి అసలు బండి ఎక్కించారు. మొదటిరోజు కంచెను గుద్దాను. రెండోరోజు కంచె బాగుచేస్తున్నారు కాబట్టి నీళ్లతొట్టిని గుద్దాను. మూడోరోజు వెనక్కి నడుపుతూ ఏదో మీట లాగితే, వెనకున్న గొర్రు పైకి లేచింది. దానికి తగులుకుని సారు కుర్చీ కూడా లేచింది! అదృష్టం, అందులో సారు లేరు, ఆయన కోటు మాత్రమే ఉంది. మైదానమంతా ఊరేగింది.

"ఇది అధికార పీఠానికి అవమానం!" అంటూ నా పేరు పక్కన ఎర్రగీత గీశారు.

అక్కడ బండ్లు బాగుచేసే మెకానిక్ బాబాయ్ జాలిపడి రోజూ భోజనాల వేళ నేర్పాడు. పరీక్షనాటికి చేయి కుదిరింది.

ఆరోజు పెద్దాఫీసరు వచ్చారు. "ముందు గురువుగారు నడుపుతారు, తర్వాతే శిష్యులు!" అన్నారు. సారు ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఎలాగో ఎక్కి, మొదటి గేరులో కదిలించారు. ఆపాల్సినచోట తాళంచెవి తిప్పి, తీసి, జేబులో వేసుకుని దర్జాగా నవ్వారు. బండి మాత్రం ఆగలేదు! ఆ డీజిలింజనుకు తాళంచెవితో పనిలేదు, ఆగాలంటే నాబ్ లాగాలి. నల్లబల్ల మీది బొమ్మకు నాబూ లేదు, బ్రేకూ లేదు మరి!

"ఆహా, ఏం ఓపిక!" అని పెద్దాఫీసరు చప్పట్లు కొట్టి, నాలుగో చుట్టుకి టీ తాగడానికి లోపలికెళ్లారు.

నేను బండి పక్కనే నడిచాను. "సార్, ఆపడం..."

"నాకు తెలుసు! ఇది ప్రదర్శన!"

ఏడో చుట్టుకి గొంతు తగ్గింది. "తల్లీ, మెల్లగా చెప్పు. ఎవరూ వినకూడదు."

"ముందు నా పాస్ కాగితం మీద సంతకం, సార్."

"పరీక్ష పెట్టకుండానా? నియమాలు ఒప్పుకోవు!"

"అయితే ఇంకో చుట్టు తిరిగి రండి. నియమాలు ఆలోచించుకుంటాయి."

తొమ్మిదో చుట్టుకి నియమాలు ఒప్పుకున్నాయి. కాగితం అందించాను. స్టీరింగు మీదే పెట్టి గీకారు. సంతకం కాస్త వంకరగా వచ్చింది, అంతే.

"స్టీరింగు కింద నాబ్, గట్టిగా లాగండి!" అని అరిచి, పాప ఏడుస్తోందని కబురొస్తే ఇంటికి పరుగెత్తాను.

ఇప్పుడు పాప పడుకుంది. కాగితం పెట్టెలో భద్రంగా ఉంది. మనసే కుదురుగా లేదు. స్టీరింగు కింద అలాంటి నాబ్‌లు రెండున్నాయి, రెండోది లైట్లది! మీరెవరైనా అటు వెళ్తే, మైదానంలో రెండు లైట్లు గుండ్రంగా తిరుగుతుంటే అది సారే. కాస్త చూసి రండి.