ఆదర్శ కౌంటీలో గమ్మీ డబ్బాలు

హెంప్ అనే మొక్క గంజాయికి స్వయానా దాయాది. అయినా మత్తు పదార్థం వెయ్యింట మూడు వంతులు దాటనంతవరకు దాన్ని సంసారపక్షపు మొక్కగానే చూడాలని అమెరికాలో ఆ మధ్య ఒక చట్టం వచ్చింది. ఆ మొక్క రసంతో చేసే గమ్మీలనే జెల్లీ బిళ్లలు ప్రజారోగ్యానికి ప్రమాదకరమని ఒక రాష్ట్రం నాలుగు నెలలు చర్చించి తేల్చింది. రాష్ట్రం పేరు చెబితే తమను వదిలేశారని పక్క రాష్ట్రాలవారు నొచ్చుకుంటారు కనుక చెప్పడం లేదు. ప్రమాదం తేలిన మరుక్షణమే శాసనసభ వాటి మీద పది శాతం పన్ను వేసింది. పన్ను కట్టాక అవి అంత ప్రమాదకరం కావని కూడా తీర్మానించింది.

డబ్బా పిల్లలను ఆకర్షించకూడదు, పెద్దలను నిరుత్సాహపరచకూడదు. మూత పిల్లలు తీయలేనిదై ఉండాలి. దాన్ని పరీక్షించడానికి వేసిన కమిటీలో సభ్యుల సగటు వయసు అరవై ఎనిమిది. ఒక్కరూ తీయలేకపోవడంతో మూత ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఇక వచ్చిన పన్నులో కొంత భాగం 'అవగాహన నిధి'. గమ్మీలు కొనవద్దని జనానికి నచ్చజెప్పే సంఘాలకు, వారి కౌంటీలో, అంటే జిల్లాలో, ఎన్ని గమ్మీలు అమ్ముడుపోతే అంత నిధి ఇస్తారు. ఎక్కువ కొనేచోట ఎక్కువ అవగాహన కావాలి కదా. ఈ ఏర్పాటులో లోపం కనిపెట్టినవారు సభలో ఎవరూ లేరు.

శ్యామ్‌సుందర్ గారికి ఇందులో ఏకంగా ఉగాది కనిపించింది. పదకొండేళ్లు జాయింట్ సెక్రటరీగా కుర్చీలు వేసి, కుర్చీలు మడిచి, ఆ ఏడే ఆయన కౌంటీ తెలుగు సమితికి అధ్యక్షుడయ్యారు. ఆ ఊపులో ఉగాది సభకు హైదరాబాద్ నుంచి ఒక గాయనిని, ఎనిమిదిమంది వాద్యకారులను పిలిచేశారు. విమానం టికెట్లు సొంత క్రెడిట్ కార్డు మీద కొన్నారు. ఈ సంగతి ఆయన భార్య విజయశ్రీకి తెలియదు. నిధి రాగానే కార్డు బాకీ తీర్చేద్దామని, షరతు ప్రకారం ముందుగా ఒక అవగాహన సదస్సు పెట్టారు. అందులో బాగా మాట్లాడటమే ఆయన చేసిన తప్పు.

"సోదర సోదరీమణులారా, ఆరోగ్యం గురించి మీకు నేను చెప్పేదేముంది. ఒక్కటే అడుగుతాను. రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు ఆఫీసర్ అడిగితే ఏం చెప్తారు? హెంప్ లీగలే, మరి అది గంజాయి కాదని ఎలా నమ్మిస్తారు? గమ్మీ కొన్న కార్డ్ స్టేట్‌మెంట్ మీ పేరు మీదే ఉంటుంది కదండీ. ఆలోచించుకోండి."

సమితి సభ్యులెవరూ గమ్మీలు కొనరు. ఆ మాట ప్రతి ఒక్కరూ ఇంటికి వెళ్లేముందు ఆయన దగ్గరకు విడివిడిగా వచ్చి మరీ చెప్పారు. అయినా ఎందుకో ఆ నెల కౌంటీలో అమ్మకాలు డెబ్భై శాతం పడిపోయాయి.

రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చింది. "మీ కౌంటీ రాష్ట్రానికే ఆదర్శం. అమ్మకాలు తగ్గించిన మీ సేవకు కృతజ్ఞతలు. అమ్మకాలు తగ్గినందున మీకు మంజూరైన నిధి నాలుగు వందల పన్నెండు డాలర్లు." దానితోపాటు ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం కూడా ఉంది. దాని ధర నిధిలోంచి మినహాయించారు. శ్యామ్‌సుందర్ గారి కార్డు బాకీకి అది వడ్డీకైనా చాలదు.

ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది.

"మనోళ్లను తినమంటలేం అన్నా, కొనమంటున్నం, అంతే. టాక్స్ పడితే చాలు," అన్నాడు కార్యదర్శి రఘు.

"మొన్న మీరే కదండీ స్టేట్‌మెంట్ అని అందర్నీ భయపెట్టారు," అంది కోశాధికారి త్రివేణి.

శ్యామ్‌సుందర్ గారు గొంతు తగ్గించారు. "క్యాష్ ఇమ్మనండి. క్యాష్‌కి స్టేట్‌మెంట్ ఉండదు."

ఆ శనివారం గమ్మీల షాపు ముందు రెండు వందల పద్నాలుగు కుటుంబాలు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని బారులు తీరాయి. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేదు. అమ్మకాలు చూసి కౌంటీకి ఏదో విపత్తు వచ్చిందనుకున్న రాష్ట్రం నిధిని ముప్ఫై రెట్లు చేసి పంపింది. కార్డు బాకీ తీరింది. శ్యామ్‌సుందర్ గారు చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నారు.

ఇక మిగిలింది డబ్బాల సమస్య. షాపువాడు వెనక్కి తీసుకోడు. చెత్తలో వేయాలంటే ఆరు పేజీల ఫారం నింపాలి. విజయశ్రీ తమ డబ్బాను శుక్రవారం పూజకు వచ్చిన ఒకావిడ తాంబూలం సంచిలో జాకెట్ ముక్కతోపాటు పెట్టేసింది. తాంబూలంలో ఇచ్చిన జాకెట్ ముక్కను ఎవరూ కుట్టించుకోరనీ, అది ఇల్లిల్లూ తిరుగుతుందనీ మీకు నేను చెప్పనక్కరలేదు. తిరిగి తమ ఇంటికే వస్తే గుర్తుపట్టాలని ఆమె డబ్బా అడుగున కుంకుమ బొట్టు పెట్టింది. మిగతా ఇళ్లవాళ్లూ ఇదే దారి పట్టారు.

ఉగాది సభ ఐదు గంటలు సాగింది. అందులో మూడు గంటలు ఉపన్యాసాలే. సమితి చరిత్రలో మొదటిసారి ఒక్కరూ మధ్యలో లేచి భోజనాల వైపు వెళ్లలేదు. అందరూ చిరునవ్వుతో కూర్చున్నారు. గత ఎన్నికల్లో కోర్టుకెక్కిన రెండు వర్గాలు కౌగిలించుకున్నాయి. అధ్యక్షులవారి ప్రసంగం త్వరగా ముగిసిందని ముగ్గురు బాధపడ్డారు. ఇదంతా గాయని గొంతు మహిమ అని శ్యామ్‌సుందర్ గారు నిజంగానే నమ్మారు.

మరుసటి వారం త్రివేణి ఇంట్లో విజయశ్రీకి ఇచ్చిన తాంబూలం సంచిలో కుంకుమ బొట్టు డబ్బా తిరిగి వచ్చింది. జాకెట్ ముక్క మడత చెదరలేదు. డబ్బా మాత్రం బాగా తేలికైంది.

నిధి కొనసాగాలంటే ఒక సర్వే పంపాలి. పేర్లు రాయనక్కరలేదు. మీ ఇంట్లో ఎవరైనా గమ్మీలు వాడతారా అన్నది మొదటి ప్రశ్న. రెండు వందల పదమూడు ఇళ్లవాళ్లు లేదన్నారు. మీకు తెలిసిన ఇళ్లలో ఎవరైనా వాడతారా అన్నది రెండోది. ఆ రెండు వందల పదమూడు ఇళ్లవాళ్లూ అవునన్నారు. ఇక మిగిలింది అధ్యక్షులవారి ఫారం.

శ్యామ్‌సుందర్ గారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నిజం రాద్దామనే ఉద్దేశంతో, ముందు డబ్బాలో ఎన్ని మిగిలాయో చూద్దామనుకున్నారు. మూత తిప్పారు. రాలేదు. గుడ్డ వేసి తిప్పారు. రాలేదు.

విజయశ్రీ పోపు వేస్తూ, వెనక్కి తిరగకుండానే అంది, "అలా కాదండీ. నొక్కి తిప్పాలి."

ఆయన నొక్కి తిప్పారు. ముప్ఫైకి రెండు మిగిలాయి. మూత మళ్లీ బిగించి, తన ఫారంలో మొదటి ప్రశ్నకు లేదనీ, రెండో ప్రశ్నకు అవుననీ రాసి, మిగతావాటి కింద పెట్టారు.