డిస్కులు: ఒక జత

ఒకే సంగతిని రెండుచోట్ల రాసి పెట్టుకోవడం మానవజాతి సాధించిన మహత్తర విజయం. ఆ రెండింటినీ రిజిస్టరులో ఒకే వరుసలో ఎక్కించడం అంతకన్నా గొప్ప విజయం. ఇది నైలు డెల్టాలోని ఒకానొక కాలువ నీటి హక్కుల కార్యాలయానికి దక్కింది.

అక్కడి లినక్సు సర్వర్లో రెండు డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. (ఆ ధైర్యంతోనే పాత దస్త్రాలన్నీ నిరుడు తూకానికి అమ్మేశారు.) ఆదివారం ఒక డిస్కు చచ్చింది. బాగున్న డిస్కుకి ఒక U చొప్పున తెర మీద రెండు U అక్షరాలు ఉండాల్సిన చోట ఒక U, పక్కన ఒక గీత కనిపించాయి. కొత్త డిస్కు పెట్టి ఒక్క ఆజ్ఞ ఇస్తే, బతికున్నది తన సరుకంతా దానికి ఎక్కించేస్తుంది. ఇంజనీరు షాహినాజ్ పరుగున డైరెక్టరును పిలుచుకొచ్చింది.

"గీత ఉందిగా ఇంజనీరమ్మా, నా సంతకం అక్కడేనా?" అన్నాడు డైరెక్టరు ముత్వల్లీ, పెన్ను తీస్తూ.

"సంతకం కాదండీ, కొత్త డిస్కున్న బీరువా తాళం ఇవ్వండి! ఆ రెండోది కూడా పోతే జిల్లా నీళ్ల వంతులన్నీ నైల్లో కలుస్తాయి."

చెడిన సామాను ఉన్న యంత్రాన్ని తుక్కు కమిటీ చూసేదాకా ముట్టరాదని నిబంధన. డైరెక్టరు సర్వర్ ఆపించి లక్కతో సీలు వేశాడు.

కిటికీ దగ్గర ఉమ్ గాబిర్ అనే రైతు ఆ రోజు నుంచీ నిలబడుతోంది. పక్క పొలంవాడు ఆమె తూము మూసేశాడు. నీళ్ల వంతు కాగితం చూపిస్తేగానీ తెరవడట. వరినారు ఎండిపోతోంది.

"ఆ పెట్టెలో నా మంగళవారం నీళ్లు ఉన్నాయా లేవా తల్లీ?"

"ఉన్నాయి పిన్నీ. కమిటీ రానీ."

బుధవారం కమిటీ డ్రిల్లు పట్టుకుని వచ్చింది. (కిందటిసారి వాళ్లు తుక్కు చేసినవి కుర్చీలు.) అధ్యక్షుడు రిజిస్టరు తెరిచి, "డిస్కులు: ఒక జత" అని పైకి చదివాడు.

"రెండోది బాగానే ఉందండీ మహాప్రభో! రెండు గంటలివ్వండి, మొత్తం ఎక్కించేస్తా!"

"చెప్పు ఒకటి తెగితే రెండోది తొడుక్కుని ఇంటికెళ్తావా అమ్మాయ్? జతంటే జతే."

నిబంధన ప్రకారం రెండింటికీ నడిమధ్యన చెరొక బెజ్జం వేశారు. షాహినాజ్‌కు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఆ నెల నివేదికలో "చెడిపోయి వాడుకలో ఉన్న డిస్కులు: లేవు" అని రాశారు. అది నిజమే.

ముత్వల్లీ స్వయంగా కిటికీ దగ్గరికొచ్చి, ఉమ్ గాబిర్‌కు మర్యాదగా కొత్త ఫారం అందించాడు.

"మళ్లీ దరఖాస్తు పెట్టుకో పెద్దమ్మా. మా సర్వర్లో ఉన్న నీ రికార్డు నకళ్లు రెండు జతపరచడం మాత్రం మరిచిపోకు."