లాన్‌లో అర్ధచంద్రం

"ధర్మపురిలో నేరస్థులు నిద్రపోవచ్చు. ఈ తిమ్మరాయన్ నిద్రపోడు!" అని గేటు దగ్గరే ప్రకటించి, ఆ గేటును తోయాలో లాగాలో తేలక రెండు నిమిషాలు తంటాలు పడ్డాడు రిటైర్డ్ కండక్టర్ తిమ్మరాయన్.

శ్రీనివాసన్ వెళ్లి తీశాడు. ఈ స్నేహితుణ్ణి ఆయన పిలవలేదు. తానేమో వీపున కలుపుమందు స్ప్రేయర్ తగిలించుకుని ఉన్నాడు. శుక్రవారం చనిపోయిన భార్య కనకమ్మ తిథి, అంటే తద్దినం. ఈ లాన్‌ను ఆమె పదేళ్లు ఒక్క కలుపుమొక్క లేకుండా పెంచింది. చుట్టాలు వచ్చేసరికి అలాగే ఉండాలని ఆయన పట్టుదల. తుంగను రోజూ గడ్డతో సహా తవ్వి తీస్తున్నాడు. అయినా మొన్నామధ్య వానకు వెనక గుమ్మం మెట్టు ముందు ఏదో కొత్త గడ్డి గుబురుగా మొలిచింది.

"మందు కొట్టొద్దురా, సాక్ష్యం చచ్చిపోతుంది!" తిమ్మరాయన్ భూతద్దంతో బోర్లా పడుకున్నాడు. "చూడు, అచ్చం అర్ధచంద్రం! ఇది అర్ధచంద్ర ముఠా పని."

"అదేం ముఠారా?"

"పేరు ఇప్పుడే పెట్టినాను. నా అనుమానమంతా పక్కింటి పుట్టమ్మ మీద."

గోడ అవతల పుట్టమ్మ తల లేచింది. "ఏం తిమ్మరాయన్నా, నా పేరు వినబడె?"

"నిన్న పొద్దున నువ్వెక్కడ ఉండావు?"

"సోగత్తూరు బస్సులో. నువ్వే గదా నా భుజం మీద పడి గురక పెడితివి!"

తిమ్మరాయన్ గంభీరంగా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు: 'సాక్షి నేనే. నమ్మదగినవాడు కాదు.'

"జరగరా, కొట్టేస్తాను," అని శ్రీనివాసన్ పైపు ఎత్తాడు.

"ఆగు! నేరస్థుడు నిలబడిన చోటు కొలవనీ!"

టేపు పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచిన తిమ్మరాయన్ మెట్టు తట్టుకుని, దాని మీదున్న చేటలో చతికిలబడ్డాడు. చేటలోని రాగులు గాల్లోకి ఎగిరి, సరిగ్గా ఆ అర్ధచంద్రం మీదే రాలాయి.

పుట్టమ్మ గోడ మీంచి వంగి చూసింది. "అయ్యో శ్రీనివాసన్నా, అది రాగిపైరు గదా! నేనిచ్చిన రాగులు చెరగమంటే చల్లుతా ఉండావా?"

శ్రీనివాసన్ పైపు దించాడు. కనకమ్మ రోజూ ఆ మెట్టు మీదే నిలబడి చెరిగేది. పొట్టు పోయి రాగులు మిగిలేవి. ఈ మధ్య ఆయనా అక్కడే నిలబడుతున్నాడు. రాగులు ఎగిరి మెట్టు ముందు గడ్డిలో పడి, పొట్టు మిగులుతోంది. సంగటి ఎందుకు గొంతు దిగడం లేదో ఇప్పుడు తెలిసింది.

"ఇంటి మనిషి పనే అని నేను మొదటే అనుకున్నా!" మీసంలోని రాగులు దులుపుకుంటూ లేచాడు తిమ్మరాయన్. "కేసు ముగిసింది. ముద్దాయినేం చేద్దాం?"

శ్రీనివాసన్ స్ప్రేయర్ విప్పి పక్కన పెట్టాడు. సొట్టపడిన చేటను గోడ మీదుగా పుట్టమ్మకు అందించాడు.

"చెరిగేది నేర్పించమ్మా. ఆ పైరును మాత్రం ఉండనీ. శుక్రవారం ఎవరన్నా అడిగితే, వంట నేర్చుకుంటా ఉండానని చెప్తాను."