బుచ్చిరాములు నల్ల వెలుగు

ఆ పొద్దు బుచ్చిరాములు తలపెట్టిన పని చాలా చిన్నది. మార్కండేయుని ఊరేగింపుకు కందిళ్ల గాజు చిమ్నీలకు రంగులు పూయాలి, అంతే. సిద్దిపేటకు ఇంకా కరెంటు రాని రోజులవి. గాబులో ముంచి నూలుకు రంగులద్దడంలో ఆ ఊళ్లో తనంతటివాడు లేడని అతని గర్వం. నిజం చెప్పాలంటే, లేడు కూడా.

తుమ్మబంకలో కలిపిన ఎర్రరంగు పూస్తే వెలుగు ఎర్రగా పడింది. నీలం పూస్తే నీలంగా పడింది. చూడవచ్చిన బడిపంతులు దత్తాత్రి మెచ్చుకుని పోతే గొడవ లేకపోయేది.

"అన్ని రంగులైతయి గని, నల్ల వెలుగు మాత్రం నీతోని గాదు. గసొంటిది లోకంలనే లేదు" అన్నాడు పంతులు.

బుచ్చిరాములుకు ఒళ్లు మండింది. "నల్లనూలు అద్దినోనికి నల్ల వెలుగొక లెక్కనా పంతులూ? రేపు పొద్దుగాల సూపియ్యకుంటె నా రంగుగాబు బోర్లిస్త. మళ్ల జన్మల ముట్ట!"

"గాబు బోర్లిస్తే మనం ఏం తినాలె?" అని లోపల అతని పెండ్లాం పోచవ్వ నెత్తి కొట్టుకుంది.

ఆ రాత్రి బుచ్చిరాములు ఒక చిమ్నీకి నల్లరంగు పూయడం మొదలుపెట్టాడు. ఒక పూతకు వెలుగు మసకబారింది. "నలుపెక్కుతుంది" అని అతను సంబరపడ్డాడు. రెండో పూతకు ఇంకా తగ్గింది. అయిదో పూతకు ఏమీ కనిపించలేదు. చేయి తిరిగిన అద్దకపు పనివాడు కదా, పూత పూతకూ పని కుదురుతోందనే అనుకున్నాడు.

తెల్లారేసరికి మాట వాడంతా పాకింది. మగ్గం గదిలో పాతికమంది కిక్కిరిశారు. తలుపులు మూసి, సందులకు గోనెసంచులు కట్టి, వెలుగుతున్న కందిలికి బుచ్చిరాములు నల్లచిమ్నీ దించాడు. గది చీకటయింది.

"ఏదే నల్ల వెలుగు?" అన్నాడు పక్కింటి కాశయ్య.

"గది నిండ గదే ఉన్నది, సూడు!"

సరిగా చూద్దామని కాశయ్య అడుగు ముందుకేసి మగ్గం గుంతలో పడ్డాడు. పడుతూ పక్కనున్న సారయ్య ధోవతి పట్టుకున్నాడు. సారయ్య వెళ్లి నీలిగాబు మీద పడ్డాడు. గాబు ఒరిగి అందరి కాళ్లూ తడిశాయి. పాము అని ఒకరు అరిచారు. పాతికమందీ ఒకరినొకరు తొక్కుకున్నారు.

"ఆగుండ్రి! దీపం ఎప్పుడో ఆరింది, పొగనే వస్తుంది!" అంటూ పంతులు తడుముకుంటూ వచ్చి చిమ్నీని పిడికిలి నిండా పట్టుకున్నాడు. పట్టుకున్నంత వేగంగానే కేక పెట్టాడు.

ఎవరో తలుపు తీశారు. బుచ్చిరాములు గుడ్డతో చిమ్నీ ఎత్తాడు. లోపల వత్తి నిక్షేపంగా వెలుగుతోంది.

"ఆరిన దీపం కాలుస్తదా పంతులూ?"

పంతులు వేళ్లు ఊదుకుంటూ తలొంచాడు. "వెలుగు యాడికి పోలే. నీ నలుపు దాన్ని మింగి వేడిగ మార్చింది. కండ్లకు కనపడనిది సుత ఉంటదని నేనే పిల్లలకు చెప్త... గాబు బోర్లియ్యకు రాములూ."

పోచవ్వ పంతులు చేతికి వెన్న రాసింది. చిమ్నీ నుంచి అరచేతికంటిన నలుపు మాత్రం వదల్లేదు. "మా ఆయిన అద్దకం గంత తొందరగ పోదు పంతులుగారూ" అంది తల ఎత్తి.

నల్ల వెలుగును కళ్లతో చూసినవాళ్లు సిద్దిపేటలో ఇప్పటికీ లేరు. చేత్తో పట్టుకున్నవాడు మాత్రం దత్తాత్రి పంతులు ఒక్కడే.