ఎనిమిది గుర్రాల పడవ

ఆదివారం పొద్దున దేవేందర్ వేసుకున్న ప్లాను చిన్నదే. చాయ్ తాగాలి, శామీర్‌పేట చెరువులో బావ గాలయ్యను ఓడించాలి, మధ్యాహ్నానికి తూంకుంటలో ఇల్లు చేరి కోడికూర తినాలి. పొలమంతా ప్లాట్లైపోయినా, దానికి నీళ్లు తోడిన అయిదు గుర్రాల బలమున్న డీజిల్ ఇంజిన్‌ను మాత్రం అతను అమ్మలేదు. రోజూ తుడిచి మురిసిపోయేవాడు. అలాంటిదాన్ని గాలయ్య పాత ఇనుమన్నాడు. రోషం ఆగక పందెం కాశాడు దేవేందర్: తెడ్డేసే బావకంటే ముందు ఇంజిన్ పడవ చెరువు దాటాలి. లేదంటే ఇంజిన్ తుక్కు కొట్టుకు పోవాలి.

ఇంజిన్‌కున్న పంపు చెరువు నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మితే పడవ ముందుకురుకుతుందని అతని లెక్క. ముందురోజు నడిపి చూస్తే బాతు నయమనిపించింది. ఇంజినీరింగు చదివే కూతురు అశ్రిత అసలు సంగతి చెప్పింది.

"నీళ్లు అడ్డం పడ్తయి నాయినా. జోరు రెండింతలు గావాల్నంటే బలం ఎనిమిదింతలు గావాలె."

"ఎనిమిదే గదా! అయిదున్నయ్. ఇంకో మూడు తెస్త."

"ఎనిమిది గాదు, ఎనిమిదింతలు!"

వింటే కదా! అప్పటికే చెప్పులేసుకుని బయల్దేరాడు. అలియాబాద్‌లో దోస్తు పరమేశ్ దగ్గర్నుంచి మూడు గుర్రాల ఇంజిన్ పట్టుకొచ్చి, దాన్నీ పడవకెక్కించాడు.

పందెం మొదలయ్యేసరికి రెండింజిన్ల బరువుకు పడవ అంచుదాకా దిగిపోయింది. మోతకు కొంగలు లేచిపోయాయి గానీ పడవ మాత్రం ఈడ్చుకుంటూ నడిచింది. ఇంతలో ఒక అల వచ్చి లోపల పడింది. వెనకభాగం కుంగి, నీళ్లు చిమ్మే పైపుల మూతులు నీళ్లలో మునిగాయి. ముందు పోతున్న గాలయ్య నవ్వాపుకోలేక పడవ తిప్పుకుని వెనక్కొచ్చాడు.

"ఏంది బామ్మర్దీ, ఎన్కనుంచి నూకాల్నా?"

"నాయినా, దుంకు!" గట్టు మీంచి అశ్రిత అరిచింది.

"దీన్నిడిసి నేనెట్ల వస్త బిడ్డా?"

దేవేందర్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. చేతులు మాత్రం రైతు చేతులు. చెరువులోంచి నీళ్లు పీల్చే గొట్టాన్ని పైకి లాగి పడవలో నిండిన నీళ్లలో పెట్టాడు. ఇంజిన్ గుటగుటా తాగేసింది. పడవ లేచింది, పైపుల మూతులూ లేచాయి. నీటిధార సూటిగా పోయి గాలయ్య ఒళ్లో పడింది.

"ఆపు! ఆపు బామ్మర్దీ!"

ఆ చప్పుడులో వినేదెవరు? గాలయ్య పడవ నిండి, నడుంలోతు నీళ్లలో నింపాదిగా కూర్చుంది. దేవేందర్ చెయ్యందించి బావను పైకి లాక్కున్నాడు. ఛాతీ ఇంత పొంగింది.

"జెప్పు బావా, ఇది పాత ఇనుమేనా?"

"ఎవడన్నడు? ఏనుగురా ఇది!" గాలయ్య లుంగీ పిండుకున్నాడు.

దేవేందర్ ఆ రోజు చెరువు దాటలేదు. కాకపోతే అతనికంటే ముందు దాటడానికి ఇంకెవరూ మిగల్లేదు.