మహిపాల్ దుకాణంల మాయమైన పరంజా

"నా కన్ను పడ్డదంటే నేరస్తునికి నిద్ర ఉండది! తిండి ఉండది! తాగనీకి నీళ్ళు సుత ఉండవు!"

అమీర్‌పేటల లేడీస్ హాస్టల్ కింద జిరాక్స్ దుకాణం మహిపాల్‌ది. రోజు పొద్దుగాల షటర్ లేపుకుంట గిట్ల ఎలాన్ చేస్తడు. ఇప్పటిదాక ఆయన పట్టుకున్న నేరస్తులు ఇద్దరు. ఒకటి ఎలుక. రెండోది సుత గదే ఎలుక.

గా దినం హాస్టల్ మెట్ల మీదికెల్లి మంజూష ఉరుక్కుంట వచ్చింది. కాకినాడ పిల్ల, పంజాగుట్టల ఒక ల్యాబుల పరిశోధన చేస్తది.

"మహిపాల్ గారూ, నా డబ్బా పోయిందండీ! మొన్న మీ దగ్గర జిరాక్స్ తీయించుకుని ల్యాబుకెళ్ళా. అప్పట్నుంచి కనబడట్లేదు. ల్యాబంతా వెతికా, ఆటో స్టాండులో అడిగా."

"డబ్బల ఏమున్నది?"

"తెల్లటి ముక్క. దానిమీద చర్మం పెంచొచ్చు."

మహిపాల్ గుండె రెండువైపుల ప్రింటు కొట్టే మిషన్ లెక్క దడదడమన్నది. షటర్ సగం దించిండు.

"చర్మం స్మగ్లింగు! అంతర్జాతీయ ముఠా!"

"ముఠా కాదండీ బాబూ! ఇల్లు కట్టేటప్పుడు పరంజా వేస్తారు కదా, అలాంటిది. కణాలు దాన్ని పట్టుకుని పెరుగుతాయి, తర్వాత అది మెల్లగా కరిగిపోతుంది. జెలటిన్ ప్రకృతిలో దొరికేది, కణాలకి ఇష్టం, కానీ ఒంటరిగా నీళ్ళలో నిలవదు. పీసీఎల్ మనుషులు తయారుచేసిన పాలిమర్, గట్టిది, కానీ కణాలు దగ్గరికి రావు. రెండూ కలపడానికి మూడు నెలలు పట్టింది. నీళ్ళలో రెండ్రోజులు నిలుస్తుందని ఈ సాయంత్రంలోపు మా గైడు రామ్మోహనరావు సార్‌కి చూపించకపోతే నా టాపిక్కే కొట్టేస్తారు. మళ్ళీ మొదట్నుంచి!"

పిల్ల కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"ఫికర్ చెయ్యకు చెల్లె. గీ బిల్డింగుల తెల్ల ముక్కలు ఏడుంటయో నాకెర్క!"

సీదా ఎన్కకున్న మెస్సుల జొర్రిండు. వంటామె రుద్రమ్మ కూర కలుపుతున్నది. కూరల తెల్లగ ముక్కలు తేలుతున్నయి!

"చేతులు పైకెత్తు!"

"చేతుల కాలుతున్న గంటె ఉన్నది. ఎత్తుమంటవారా?"

మహిపాల్ రెండడుగులు ఎన్కకేసిండు. మల్ల ధైర్యం చేసి, సాక్ష్యం ఒకటి తీసి నోట్లేసుకున్నడు. నాలుక కాలింది.

"ఏం తేలిందిరా?"

"పన్నీరు."

"ఉప్పు?"

"జర తక్కువైంది."

తల దించుకొని దుకాణానికి వచ్చిండు. మంజూష సుత ఆశ వదులుకున్నది. "పోనీలెండి. కనీసం నా రిపోర్టు ప్రింటు తీయండి, సార్‌ని బతిమాలుకుంటా."

నలభై పేజీలు తీసిండు. లెక్కపెట్టనీకి అలవాటు ప్రకారం గల్లా పక్కనున్న నీళ్ళ గిన్నెల చెయ్యి పెట్టి, స్పంజి మీద వేలు ఒత్తిండు.

మంజూష కెవ్వుమన్నది. "అది నా పరంజా!"

"గిదా? మొన్న కౌంటర్ మీద డబ్బల దొరికింది. నా పాత స్పంజి కుళ్ళిపోయి ఉండె, దేవుడే పంపిండనుకున్న. మస్తు మాల్ చెల్లె! గప్పటిసంది నీళ్ళల్లనే ఉన్నది, జర్రంత సుత చెదరలే!"

మంజూష వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టింది. నలభై తొమ్మిది! సార్‌కు ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టింది.

"నిలిచింది సార్! కాకపోతే... జిరాక్స్ షాపులో. రోజుకి వెయ్యిసార్లు వేలితో నొక్కుతూ."

అటుదిక్కు సార్ పక్కున నవ్విండు.

"అంత కఠినమైన పరీక్ష మన ల్యాబులో కూడా లేదమ్మా. గిన్నెతో సహా పట్రా, చూస్తాను. శుభ్రమైన ముక్కలు ఇంకో నాలుగు చెయ్యి, టాపిక్ ఉంచుదాం. సరే గానీ, దానిమీద కణాలు నిలుస్తాయంటావా?"

మహిపాల్ ఫోన్ల తలకాయ పెట్టిండు. "ఎందుకు నిలువయి సార్! రెండు దినాలసంది నా వేలి చర్మమంత దానిమీదనే ఉన్నది!"

"ఎవరమ్మా మధ్యలో?"

"దొంగ సార్."